లంబసింగి చలి చూసుకుని ఆక్సోలాటిల్ యూనిట్ పెడదామంటే మేము ఒప్పుకోం



పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న ఆక్సోలాటిల్ పెంపకం వీడియో పెట్టారు. "మన ఏజెన్సీలో చలి ఉంది, ఊట నీళ్లున్నాయి, నలుగురం కలిసి లంబసింగి వైపు యూనిట్ పెడితే ఒక్కో పిల్ల వేలల్లో అమ్ముడుపోద్ది" అని రాశారు. కింద చాలామంది సై అన్నారు. డిగ్రీ అయ్యాక పని దొరకడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు, ఆ ఆశను మేము తప్పు పట్టం. కానీ మా హాస్టల్ పిల్లలం కొందరం సాయంత్రం పూట విశాఖలో అక్వేరియం కొట్లలో పనిచేస్తున్నాం. ఆ జీవిని రోజూ చూస్తున్నాం కాబట్టి మా మాట కూడా వినండి. పోస్టు పొడవే, ఓపిక పట్టండి.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. జానెడు పొడుగు, నాలుగు కాళ్లు, తలకు రెండు పక్కలా ఈకల్లా ఊగే మొప్పలు. చేపా కాదు, బల్లీ కాదు, కప్పకు దూరపు చుట్టం. కప్పపిల్ల తోక వదిలి ఒడ్డెక్కుతుంది. ఇది మాత్రం ముసలిదయ్యేదాకా పిల్ల రూపంలోనే నీళ్లలో ఉండిపోతుంది. కాలు తెగితే మళ్లీ మొలుస్తుంది. 2021లో మైన్‌క్రాఫ్ట్ ఆటలో పెట్టాక పట్నం పిల్లలకు దీని మీద మోజు బాగా పెరిగింది. అమ్మకాలు అక్కడినుంచే.

ఇక కొట్టు సంగతి. ఏ కొట్టో పేరు అనవసరం. దీనికి 16 నుంచి 18 డిగ్రీల చల్లని నీళ్లు కావాలి. 24 దాటితే తిండి మానేస్తుంది, ఒంటికి బూజు పడుతుంది. విశాఖలో మే నెల ఉక్కపోత తెలిసిందే కదా. కొట్లో పగలు ఏసీ ఉంటుంది, రాత్రి షట్టర్ దించగానే కట్టేస్తారు. మరీ నీళ్లు వేడెక్కితే ఐస్ బాటిల్ పడేస్తారు. గంటలో చల్లబడి మళ్లీ రెండు గంటల్లో వేడెక్కే ఆ నీళ్లు ఇంకా ప్రమాదం. దీనికి కనురెప్పలు ఉండవు. కస్టమర్లకు బాగా కనబడాలని నెత్తిమీద తెల్ల లైటు పెడతారు, దాక్కోవడానికి ఒక కుండపెంకు కూడా వెయ్యరు. అడుగున రంగురంగుల గులకరాళ్లు. ఇది నోరు తెరిచి నీళ్లతో పాటు తిండిని లాక్కుంటుంది, రాళ్లు కూడా కడుపులోకి పోతాయి. పేగు మూసుకుపోయి చస్తుంది. పక్కనే వేసిన చేపలు ఆ మొప్పలను పురుగులనుకుని కొరుకుతాయి.

ఒకే తొట్టిలో ఇరుకుగా పిల్లల్ని వేస్తే ఒకదాని కాలు ఒకటి కొరికేస్తాయి. కాలు లేనిదాన్ని అమ్మేటప్పుడు చెప్పే మాట మాకు బట్టీ వచ్చేసింది: "ఏం కాదు సార్, మళ్లీ మొలుస్తుంది." మొలుస్తుంది నిజమే. మొలుస్తుంది కదా అని కొరికించొచ్చా? పొద్దున్న చచ్చి తేలినదాన్ని కవర్లో చుట్టి పారేసి, మధ్యాహ్నానికి అదే నీళ్లలో కొత్తది వేస్తారు. నీళ్లు ఎందుకు చెడిపోయాయని అడిగేవాడు ఉండడు. కొనేవాళ్లకు పది పదిహేనేళ్లు బతుకుతుందనే సంగతీ చెప్పరు.

జాలిపడి ఒకదాన్ని కొనుక్కొచ్చి కాపాడదాం అనుకుంటారు కొందరు. ఓనర్‌కి అది జాలిగా కనబడదు, అమ్మకంగానే కనబడుతుంది. ఆ ఖాళీలోకి ఇంకోటి వస్తుంది.

ఇది ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. మెక్సికో సిటీ దక్షిణాన సోచిమిల్కో అనే చోట పాత సరస్సుల్లో మిగిలిన కాలువలు ఉన్నాయి. అడవి ఆక్సోలాటిల్‌కు ప్రపంచంలో మిగిలిన ఇల్లు అదొక్కటే. దాని పేరు పెట్టింది అక్కడి మూలవాసులైన నావా ప్రజలు, వాళ్ల దేవుడు షోలోటల్ పేరు అందులో ఉంది. వాళ్లు నీళ్లలో మట్టి, రెల్లు పేర్చి చినాంపాలనే మడులు కట్టి పంట పండించారు. ఆ మడుల మధ్య చల్లని కాలువల్లో ఇది బతికింది. తర్వాత పట్నం మురుగు కలిసింది. తిండికి పనికొస్తాయని పైనుంచి బంగారు తీగ, తిలాపియా చేపల్ని వదిలారు. అవి గుడ్లనూ పిల్లల్నీ తినేశాయి. 1998లో చదరపు కిలోమీటరుకు దాదాపు 6,000 ఉన్నవి 2014 నాటికి 36కి పడిపోయాయి. ఇటు చూస్తే ప్రపంచమంతా తొట్టెల్లో లక్షలు. మెక్సికో 50 పెసోల నోటు మీద కూడా దీని బొమ్మే. అడవిలో లేదు, కొట్లో ఉంది, నోటు మీద ఉంది. మన నాచ్ బొమ్మలు ఎయిర్‌పోర్టు గోడల మీద ఎక్కించి, మన ఊరికి రోడ్డు వెయ్యని సంగతి గుర్తొచ్చింది మాకు. సరే, అది వేరే పోస్టు.

ఈ తొట్టి జీవుల్లో ఎక్కువ భాగానికి మూలం 1864లో పారిస్ చేరిన 34 జీవులు. వాటిలోనూ ఐదు మగ, ఒక ఆడ సంతతినే యూరప్ ల్యాబులన్నిటికీ పంచారు. అంటే మొదలే చుట్టరికం. దాని మీద కొట్టు నుంచి తెచ్చిన అన్నాచెల్లెళ్లనే మళ్లీ జత కడితే పొట్టివి, వంకరవి, బతకనివి పుడతాయి. మన ఇళ్లల్లో పెళ్లి సంబంధం అనగానే పెద్దలు ముందు ఇంటిపేరు, గోత్రం అడుగుతారు. ఈ జీవికి అడిగేవాళ్లు ఎవరు?

సరైన పెంపకం అంటే తల్లిదండ్రుల వంశం రాసి ఉండాలి. ఏడాదిన్నర నిండాకే జత కట్టాలి. ఒకసారి గుడ్లు పెట్టాక ఆడదాన్ని నెలల తరబడి మగవాటికి దూరంగా ఉంచాలి. ఒక్క ఈతకు వందల గుడ్లు, ఒక్కోసారి వెయ్యి దాకా. పిల్లలు బయటికొచ్చిన రెండు మూడు రోజులకే కదిలే తిండి కావాలి, రోజూ, మనకు పరీక్షలున్నా సరే. సాకగలిగినన్ని ఉంచుకుని మిగతా గుడ్లను మొదట్లోనే ఫ్రిజ్ గడ్డల్లో పెట్టి ఆపెయ్యాలి. వీడియోలో ఈ ముక్క చెప్పలేదు. వెయ్యి గుడ్లు అంటే వెయ్యి పిల్లలు, ఇన్ని లక్షలు అని లెక్క కట్టారు.

లంబసింగి చలి డిసెంబరు, జనవరిలో. ఏప్రిల్‌లో ఏం చేస్తారు? నీళ్లు చల్లబరిచే మిషన్ కావాలి, కరెంటు పోకూడదు. మన ఊళ్లలో గాలివానకు కరెంటు పోతే ఎన్ని రోజులకు వస్తుందో మీకు చెప్పాలా?

అమ్ముడుపోనివి గెడ్డలో వదిలేద్దామని ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. తమ్ముడూ, ఆ పని మాత్రం వద్దు. అక్వేరియం గాజు నాకడానికి తెచ్చిన దెయ్యం చేప ఇప్పుడు తూర్పు కనుమల చెరువుల్లో ఎంత పాకిందో, వలలు ఎలా చింపుతోందో చేపలు పట్టే మనవాళ్లనే అడుగు. ఆక్సోలాటిల్ మన ఎండకు చచ్చినా, దాని ఒంటి రోగాలు మన కప్పలకు అంటొచ్చు.

చట్టం సంగతి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణతో అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలోని జీవులు నాలుగో షెడ్యూల్లోకి వచ్చాయి, ఇది కూడా అందులోదే. 2024 రూల్స్ ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చెయ్యాలి, పిల్లలు పుట్టినా చచ్చినా చెప్పాలి. కొట్టు ఓనర్ల దగ్గర ఆ కాగితాలు మేము చూడలేదు. రేపు కేసు అంటూ వస్తే సప్లై చేసిన కొండ కుర్రాడి పేరే ముందు రాస్తారు. చిలకల విషయంలో చూశాం, చెట్టెక్కినవాడు దొరుకుతాడు, పంజరం అమ్మినవాడు దొరకడు.

సోచిమిల్కోలో ఇప్పుడు మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు చినాంపా రైతులతో కలిసి కాలువలు బాగుచేసి, తిలాపియా రాకుండా అడ్డుకట్టలు పెడుతున్నారు. జాగ్రత్తగా పెంచిన 18 ఆక్సోలాటిళ్లను బాగుచేసిన నీళ్లలో వదిలితే బతికాయని, మళ్లీ పట్టుకున్నవి బరువు కూడా పెరిగాయని 2025లో ప్రకటించారు. పెంపకం అంటే మేము ఒప్పుకునేది అలాంటిది.

ఆదివారం మీటింగులో యూనిట్ మాట వస్తే మేము కాదనే అంటాం. మా కొట్లలో లైటు తగ్గించమని, గులకరాళ్లు తీసెయ్యమని, మే నెలలో ఈ జీవుల్ని తెప్పించొద్దని ఓనర్లను అడగడం మొదలుపెట్టాం. ఒకాయన రాళ్లు తీశాడు, లైటు మాత్రం తియ్యనన్నాడు. యూనిట్ కావాలనే అన్నలు నీళ్లు చల్లబరిచే మిషన్‌కు కొటేషన్, వంశం రాసిన కాగితం, పరివేష్ నమోదు నంబరు పట్టుకుని రండి, కూర్చుని మాట్లాడదాం.