మొసలి పట్టుకుంటే ఆట అయిపోయినట్టేనా?

"అన్నా, నన్ను మొసలి పట్టుకుంది కదా, మీరు ఆడుకోండి" అని ఒక తమ్ముడు పళ్లెం తీసుకుని భోజనాల వరుసలోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆదివారం ఆటకు రాలేదు. తప్పు వాడిది కాదు, మాది. ఈ హాస్టల్లో చదివి వెళ్లిన మేము నలుగురం కలిసి ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

తెలియనివాళ్ల కోసం ముందు ఆట సంగతి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఈ ఆటను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు: యోధుడు, మంత్రగాడు, దొంగ ఇలా. తలపెట్టిన పని నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆ పాచిక మాకు దొరకలేదు. 1 నుంచి 20 వరకు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకున్నాం. (తీసిన చీటీ మళ్లీ గ్లాసులో వెయ్యాలి, లేకపోతే లెక్క చెడుతుంది.) 2014లో వచ్చిన నియమాల్లో ముఖ్యమైన భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ఉచితంగా వదిలారు కాబట్టి పుస్తకం కొనే పని కూడా లేదు.

ఈ ఆటలో ఎక్కువ తగాదాలు వచ్చేది మృగాల పట్టు దగ్గరే. 2003 నాటి నియమాల్లో ప్రతి ప్రాణికీ ఒక పట్టు సంఖ్య ఉండేది. యుద్ధ అనుభవం, బలం, ఆకారం ఈ మూడూ కలిపితే అది వస్తుంది. మనిషి ఆకారానికి సున్నా, అంతకంటే ఒక మెట్టు పెద్దదైతే 4, రెండు మెట్లయితే 8. బలం 16 ఉన్న కొత్త యోధుడికి మొత్తం 4 వస్తే, మహా మొసలికి 21 వస్తుంది. ఇద్దరూ పాచిక వేసి కలుపుకోవాలి. మేము కాగితం మీద లెక్కవేసి చూశాం. పాచికలు పడే తీరులు 400 ఉంటే అందులో యోధుడు గెలిచేవి మూడే. ఇంకో తమాషా ఏమిటంటే మామూలు మొసలి సంఖ్య 6, ఏనుగుది 26. మొసలికి 20 పడి, ఏనుగుకు 1 పడినా ఏనుగుదే గెలుపు. అంటే ఆ లెక్కలో గజేంద్ర మోక్షం కథ మడుగు గట్టునే ముగిసిపోతుంది, విష్ణుమూర్తి రానక్కర్లేదు! స్థానబలానికి ఆ సంఖ్యలో చోటే లేదు.

అయినా ఆ పాత నియమంలో ఒక న్యాయం ఉంది. పట్టు పడ్డాక ఇద్దరూ పట్టులో ఉన్నట్టే. పట్టినవాడు కూడా పక్కవాళ్ల దెబ్బ నుంచి చురుగ్గా తప్పుకోలేడు. మృగం నోటితో మాత్రం పట్టి, తాను స్వేచ్ఛగా ఉండాలనుకుంటే దాని లెక్కలోంచి 20 తీసెయ్యాలి. ఊరికే ఏదీ రాదు.

2014లో లెక్క తేలికైంది. మొసలి కాటు తగిలితే చాలు, పట్టు పడినట్టే. విడిపించుకోవాలంటే మన వంతు ఖర్చుపెట్టి, పాచిక మీద మన బలమో చురుకుదనమో కలుపుకుని 12 దాకా రావాలి. కుస్తీ తెలిసిన యోధుడికి ఇరవైలో పద్నాలుగు అవకాశాలు, మా తమ్ముడి మంత్రగాడికి తొమ్మిదే. అదే మనం మొసలిని పట్టబోతే మాత్రం పోటీ పెట్టి, దానికీ ఒక పాచిక ఇవ్వాలి. మాలో ఒకడు ఇది అన్యాయమన్నాడు. మిగిలిన ముగ్గురం ఒప్పుకోలేదు. మొసలికి నోరే చెయ్యి, నోరే కత్తి. దాని పట్టూ మన పట్టూ ఒకటి కావు.

అన్యాయం జరిగింది వేరేచోట. కథ నడిపేవాడు ప్రతి వంతుకూ తమ్ముడితో "చీటీ తియ్యి" అని తప్ప ఇంకో మాట అనలేదు. మూడుసార్లు తీశాడు, మూడుసార్లూ తక్కువే. పాత్ర చచ్చిపోతే వాడు బాధపడతాడని జాలిపడి మొసలి చేత మళ్లీ కొరికించలేదు, ఊరికే పట్టి ఉంచాడు. ఆ జాలి మరీ చెడ్డదైంది. ముప్పావుగంటలో వాడు చేసింది మూడు చీటీలు తీయడం!

తర్వాత నియమం మళ్లీ చదివితే మాకు సిగ్గేసింది. పట్టు ఉన్నంతసేపూ ఆ మొసలి ఇంకొకరిని కొరకకూడదని అదే పేరాలో ఉంది. అంటే మేమంతా దెబ్బ తినకుండా ఉన్నది వాడి వల్లే, ఆ ముక్క వాడికి చెప్పినవాడు లేడు. వాడు మంత్రం వెయ్యొచ్చు. రెండు చీటీలు తీసి తక్కువది లెక్కపెట్టే షరతు మీద కత్తితో పొడవనూవచ్చు. పక్కవాడు సాయం పడితే విడిపించుకోవడానికి రెండు తీసి ఎక్కువది ఉంచుకోవచ్చు. మొసలిని అందనంత దూరం నెట్టేస్తే పట్టు దానంతటదే పోతుంది. ఇంగ్లీషులో ఉంది కదా అని మేము రెండు లైన్లు చదివి పేజీ తిప్పేశాం.

పట్టుబడితే ఔట్ అని పెట్టేద్దాం, కబడ్డీలాగా ఆట జోరుగా సాగుతుంది అని కొందరు సీనియర్లు అంటున్నారు. మేము ఒప్పుకోం. అసలు కబడ్డీలో పట్టుబడగానే ఔటా? కూత ఉండగా వేలు మధ్యగీత దాటిందంటే పట్టినవాళ్లందరూ బయటికే. మన గ్రౌండ్‌లో ఆడినవాళ్లకు ఇది వేరే చెప్పాలా? 2024లో వచ్చిన సవరణ కూడా మా వైపే ఉంది. పట్టులో ఉన్నవాడు వేరేవాళ్ల మీదికి పోతేనే పట్టువల్ల ఇబ్బంది, పట్టినవాడిని కొట్టడానికి కాదు. అందుకని మా మాట ఒక్కటే. కథ నడిపేవాడు చీటీ తియ్యమనే ముందు, పట్టులో ఉన్నవాడు ఏమేం చెయ్యొచ్చో, ఆ మృగం ఏమేం చెయ్యలేదో పైకి చెప్పాలి.

తమ్ముడికి కబురు పంపాం. వాడి కాలు ఇంకా మొసలి నోట్లోనే ఉన్నట్టు నోట్‌బుక్కులో రాసి ఉంచాం. వార్షికోత్సవం అయిన మర్నాడు ఆదివారం, టిఫిన్ కాగానే భోజనాల హాల్లో కూర్చుంటాం. మొదటి వంతు వాడిదే.