ఉప్పాడ కోత, ఆకాశ పటములు

గోదావరి లంక రైతునకు కోత, మేట యను మాటలు క్రొత్తవి కావు. ఒక వరదకు నది ఈ గట్టును కోయును, మఱియొక వరదకు ఇచటనే మేట వేయును. ఉప్పాడలో కడలి కోయు నేల సంగతి వేఱు. అచట అలలు మ్రింగిన యిల్లు మఱుసటి యేట తేలి రాదు. కాకినాడనుండి ఉప్పాడకు బోవు తీరపు బాట తుపానులకు తెగుటయు, దానిని రాళ్లతో పూడ్చుటయు మన చదువరు లెఱిగినదే.

ఈ కోతను కొలుచుటకు సాధనము లేదని చెప్ప వీలులేదు. 1972 లో అమెరికావారి లాండ్‌శాట్ మొదలుకొని ఉపగ్రహ చిత్రములు లభించుచున్నవి. 1988 లో మన ఐ.ఆర్.ఎస్.-1ఏ, 2005 లో శ్రీహరికోటనుండి కార్టోశాట్-1 ఎగసినవి. తొలి లాండ్‌శాట్ చిత్రమునందలి ఒక చుక్క సుమారు 80 మీటర్ల నేల. కార్టోశాట్-1 చిత్రమున అది రెండున్నర మీటర్లు మాత్రమే. మన ఉపగ్రహముల చిత్రములు దిగునదియు తెలుగు నేలపైననే, షాద్‌నగరమున. వేర్వేరు సంవత్సరముల చిత్రములను ఒకదానిపై నొకటి పఱచి, ఆటుపోటుల తేడాను లెక్కలోనికి దీసికొని, తీరరేఖలను పోల్చినచో ఎచట నెంత నేల పోయినదో తేలును. ఒక యేటి చిత్రమును జూచి తీర్పు చెప్పరాదు. ఏటికి మీటరు చొప్పున సాగు కోత 30 మీటర్ల చుక్కలో కానవచ్చుటకు ఏండ్లు పట్టును. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రమువారు 1990 నుండి 2018 వరకు గల చిత్రములను ఇట్లు పరిశీలించి, దేశపు ప్రధాన భూభాగ తీరమున దాదాపు మూడవవంతు కోతకు లోనగుచున్నదని తేల్చిరి.

కారణములును అగమ్యగోచరములు కావు. ఎగువ జలాశయములు గోదావరి ఒండ్రును పట్టి నిలుపుచున్నవి. తూర్పు తీరమున ఇసుక ఏడాదిలో హెచ్చు కాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచును. రేవు గోడలు అడ్డుపడినచోట గోడకు ఉత్తరమున ఇసుక అందక తీరము తఱుగును. 2010 ప్రాంతమున ఉప్పాడయొద్ద ఇసుక నింపిన పెద్ద గొట్టములతో కట్టిన గోడ తర్వాతి తుపానులకు చెడినది. గోడ నిలిచినను ప్రక్క గ్రామమునకు కోత జరుగుట కద్దు.

ఇంతటి జ్ఞానము చేతనుండియు గ్రామమునకు దక్కిన దేమి? సర్వే ఆఫ్ ఇండియావారు దేశపు తీరమంతటను ఆపద రేఖ గీసిరి. 2019 నాటి తీర నియంత్రణ ప్రకటన ఆ రేఖను నిషేధములనుండి వేఱుచేసి, విపత్తు నిర్వహణకు సాధనముగా మాత్రమే ఉంచినది. ప్రజాధనముతో గీసిన గీత కట్టడమును ఆపజాలనప్పుడు దానిని గీయు శ్రమ యేల?

మేము కోరునది పెద్దది కాదు. ఆ రేఖను సర్వే నెంబరువారీగా తెలుగులో అచ్చువేసి తీరగ్రామముల సచివాలయములలో కట్టవలెను. భూమి దస్త్రములలోను గుర్తింపవలెను. రేఖకు లోపలనున్న జాలరి కుటుంబములకు ఇల్లు కూలకమునుపే, వలలకు పడవలకు దూరము గాని చోట, స్థలము చూపవలెను. ఇల్లు పోయిన పిదప తహశీలు కచ్చేరి చుట్టును త్రిప్పుట సహాయ మనిపించుకొనదు. క్రొత్త రేవు కట్టదలచినచో దాని ఉత్తరపు గ్రామముల పాత చిత్రములను ముందుగా ప్రజల యెదుట నుంచవలెను.

పటము బయటపడిన భూమి వెల పడిపోవునని తీరపు భూస్వాములు జంకవచ్చును. వెల పడుట నిజమే. అయితే దాచి అమ్మిన నష్టము కొన్నవాని నెత్తిన పడును; ఆ కొన్నవాడు తఱచు కాకినాడలో జీతము కూడబెట్టుకొనిన చిన్న యుద్యోగియే.

అక్టోబరుతో తుపానుల కాలము వచ్చును. ఉప్పాడ, కోనపాపపేటల పటములు అంతకు ముందే గోడల కెక్కవలెను.