మొదటి పాతిక లెవెళ్ళకి బిల్డు అక్కర్లేదు బాబూ!

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి కొడుకు కలిశాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. మొదటి జీతాల్లోంచి దాచుకుని పీఎస్ 5 కొన్నాడు, దాంతో పాటే ఎల్డెన్ రింగ్ డిస్కు కూడా. కొన్నరోజు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అన్నా, కొనేశా!" అని గాల్లో తేలిపోతూ చెప్పాడు. మరి ఆట ఎంతవరకు వచ్చిందిరా అంటే "అది మన వల్ల కాదులే అన్నా, డిస్కు అమ్మేశా" అన్నాడు.

ఎంత దూరం వెళ్ళావని అడిగా. మార్గిట్ దగ్గరే ఆగిపోయాడట. అంటే స్టార్మ్‌వీల్ కోట గుమ్మం బయట. ఊళ్ళోకి రాకుండా పొలిమేరలోంచే వెనక్కి వెళ్ళిపోయినట్టన్నమాట. చేతకానివాడా అంటే కాదు, చిన్నప్పట్నుంచీ నన్ను ప్రతి ఆటలోనూ చిత్తుగా ఓడించినవాడే. అనుమానమొచ్చి "నీ స్టాట్లు ఎలా పెట్టావురా?" అన్నా. ఫోన్లో దాచుకున్న ఫొటో చూపించాడు. సమురాయ్, లెవెల్ 26. డెక్స్టెరిటీ 18, ఇంటెలిజెన్స్ 23, వైగర్ 12.

ఆడినవాళ్ళకి ఈపాటికి విషయం అర్థమైపోయుంటుంది. మూన్‌వీల్!

ఆడని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎల్డెన్ రింగ్ జపాన్ వాళ్ళ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరి 25న విడుదల చేసిన ఆట. ఇందులో మన పాత్రకి ఎనిమిది స్టాట్లుంటాయి. ప్రాణానికి వైగర్, మంత్రాలు వాడే ఓపికకి మైండ్, పరిగెత్తడానికీ బరువు మొయ్యడానికీ ఎండ్యూరెన్స్. స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, ఇంటెలిజెన్స్, ఫెయిత్, ఆర్కేన్ అనే మిగతా అయిదూ ప్రధానంగా ఏ ఆయుధం పట్టగలం, ఏ మంత్రం వెయ్యగలం, దెబ్బ ఎంత గట్టిగా పడుతుంది అన్నవాటి కోసం. లెవెల్ పెరిగినప్పుడల్లా ఒక్కటంటే ఒక్క పాయింటు ఇస్తారు, ఎక్కడ పెడతావో నీ ఇష్టం. శత్రువులు మాత్రం మహా కర్కోటకులు.

మూన్‌వీల్ అనేది ఒక కత్తి. అది పట్టాలంటే స్ట్రెంగ్త్ 12, డెక్స్టెరిటీ 18, ఇంటెలిజెన్స్ 23 ఉండాలి. సమురాయ్ మొదలయ్యేది లెవెల్ 9లో, డెక్స్టెరిటీ 15, ఇంటెలిజెన్స్ 9తో. అంటే మూడు ఇక్కడ, పద్నాలుగు అక్కడ, మొత్తం 17 పాయింట్లు. మావాడు లెవెల్ 26కి వచ్చేదాకా సంపాదించిన ప్రతి పాయింటూ ఒక కత్తికి ఎంట్రీ ఫీజు కట్టడానికే పోయింది.

పోనీ కత్తి ఉందా అంటే అదీ లేదు. అది కైలిడ్ అనే ఎర్రటి భయంకరమైన ప్రాంతంలో, గేల్ టన్నెల్ లోపల, మాగ్మా విర్మ్ అనే నిప్పులు కక్కే జంతువుని చంపితే వస్తుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం :)

ఇప్పుడు కాస్త లెక్క చేద్దాం, మనకి అలవాటేగా. వైగర్ 12 దగ్గర ప్రాణం సుమారు 455. అదే 25కి చేరితే 800. అంటే ఆ 17 పాయింట్లలో 13 వైగర్‌లో పడేసి ఉంటే మావాడి ప్రాణం ముప్పాతిక వంతు పెరిగేది, పైగా ఇంకో నాలుగు పాయింట్లు చేతిలో మిగిలేవి.

"ప్రాణం పెంచుకుంటే ఏం లాభం, దెబ్బ గట్టిగా పడాలి కదా" అంటారు కొందరు. నాకు మండేది సరిగ్గా ఇక్కడే. కొత్తవాడికి ప్రాణం అంటే కవచం కాదండీ, నేర్చుకునే టైము. మార్గిట్ కర్ర ఎత్తి క్షణం ఆగి, మనం ముందే దొర్లేశాక కొడతాడు. ఈ సంగతి ఏ వీడియో చూసినా ఒంటపట్టదు, నాలుగుసార్లు దెబ్బ తింటేనే తెలుస్తుంది. ఆ నాలుగు దెబ్బలు తినడానికి ప్రాణం ఉండాలి కదా! స్టార్ట్ చెయ్యగానే క్రాష్ అయ్యే ప్రోగ్రాముని డీబగ్ చెయ్యమంటే ఏం చేస్తాం? లాగ్‌లో ఒక్క లైను కూడా ఉండదు. మావాడి పరిస్థితి అదే. ఇరవై సార్లు వెళ్ళాడు, ఇరవై సార్లూ ఏం జరిగిందో తెలీకుండానే పోయాడు.

ఇక దెబ్బ గట్టిగా పడటం సంగతి. మొదట్లో అది స్టాట్ల దగ్గర దొరకదు, సుత్తి దగ్గర దొరుకుతుంది. సమురాయ్ చేతిలో మొదటే ఉండే ఉచిగతానా కత్తి సొంత బలం 115. దాన్ని సాన పెట్టుకుంటూ +25కి తీసుకెళ్తే 281. రెట్టింపు దాటింది, ఒక్క పాయింటు ఖర్చు లేకుండా! మొదటి మూడు మెట్లకి కావలసింది 12 స్మితింగ్ స్టోన్లు. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్‌లోకి దిగితే రాళ్ళు దొరుకుతాయి, ఎల్లే చర్చిలో సాన పెట్టుకునే బల్ల ఉంది. రెండూ ఆట మొదలయ్యే ప్రాంతంలోనే ఉన్నాయి. ఈ సంగతి ఆ "అందర్నీ చితక్కొట్టే బిగినర్ బిల్డ్" వీడియోవాడు ఎందుకు మొదట చెప్పడు? చెబితే బొమ్మ మీద నీలం మెరుపు పెట్టడానికి ఏమీ ఉండదు మరి.

అలాగని వైగర్ పిచ్చోణ్ణి కాదు నేను. 25 నుంచి 40 దాకా పాయింటుకి సగటున 43 చొప్పున ప్రాణం పెరుగుతుంది. 40 నుంచి 60కి వెళ్తే 22కి పడిపోతుంది. 60 దాటాక పాయింటుకి అయిదు, అంతే. ఎక్కడ ఆపాలో లెక్కే చెబుతోంది. కానీ కొత్తవాడు 12 దగ్గర కూర్చుని 60 గురించి భయపడక్కర్లేదు.

క్లాసుల గొడవ ఇంకోటి. "వాగబాండ్ తీసుకో, ఆస్ట్రాలజర్ తీసుకుంటే దండగ", "మగాడివైతే రెచ్ తీసుకో" ఇలా. ఒకసారి స్టాట్లన్నీ కూడి చూడండి. రెచ్ లెవెల్ 1, ఎనిమిదీ పది చొప్పున మొత్తం 80. ఆస్ట్రాలజర్ లెవెల్ 6, మొత్తం 85. హీరో లెవెల్ 7, మొత్తం 86. వాగబాండ్, సమురాయ్ లెవెల్ 9, మొత్తం 88. లెవెల్‌కి 79 కలపండి, మొత్తం వచ్చేస్తుంది. ఎవడికీ ఎక్కువ ఇవ్వలేదు, ఎవడికీ తక్కువ ఇవ్వలేదు. పాయింట్లు ఎక్కడ సర్దారన్నదే తేడా. నీకు మంత్రాలేస్తే సరదాగా ఉంటుందనిపిస్తే మంత్రాలెయ్యి, దాని కోసం కులపెద్దల పర్మిషన్ ఎందుకు?

మెటా మెటా అని గుండెలు బాదుకునేవాళ్ళకి ఒక చిన్న చరిత్ర. ఆట వచ్చిన కొత్తల్లో హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్ అని ఒక మంచు తన్ను ఉండేది, అందరూ అదే వాడమనేవారు. 2022 మార్చి 17న వచ్చిన 1.03 ప్యాచ్‌లో దాని బలం తగ్గించేశారు. అప్పటికి ఆట వచ్చి సరిగ్గా 20 రోజులు! 2024 జూన్ 21న షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ వచ్చినప్పుడు లెవెల్ 150 బిల్డులేసుకుని దర్జాగా వెళ్ళినవాళ్ళు కూడా మొదటి గుంపు చేతిలోనే తన్నులు తిన్నారు. ఎందుకంటే అక్కడ బలం ముఖ్యంగా స్కాడుట్రీ ముక్కలు ఏరుకుంటే పెరుగుతుంది, లెవెల్ పెంచితే కాదు. ఇంకొకడి బిల్డు కంఠతా పట్టినవాడికి ఆట మారినప్పుడల్లా కొత్త వీడియో కావాలి. స్టాట్ ఏం చేస్తుందో తెలిసినవాడు ఎక్కడైనా బతికేస్తాడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వారానికి మూడు గంటలు దొరికే మనలాంటి వాళ్ళు గైడ్ చూడకుండా ఎలా ఆడతారు అంటే, నిజమే. ఆ వైగర్ లెక్కలేవీ ఆట తనంతట తాను చెప్పదు, అది ముమ్మాటికీ దాని తప్పే. అందుకని చూడండి. కానీ "ఈ స్టాట్ ఏం చేస్తుంది" అని వెతకడం వేరు, "చివర్లో నేనెలా ఉండాలి" అని వెతకడం వేరు. మొదటిది మాన్యువల్ చదవడం. రెండోది లెవెల్ 150లో ఉన్నవాడి బట్టలు లెవెల్ 9 వాడికి తొడగడం.

మనకిది కొత్త కాదనుకోండి. కౌన్సెలింగ్ రోజు ఆప్షన్ల కాగితం నింపింది మనలో ఎంతమందిమి? నాది మా మావయ్య నింపాడు. ఆ బ్రాంచి తీసుకుంటే ఏం చదవాలో అడగలేదు, చివర్లో ఎంత ప్యాకేజీ వస్తుందో అడిగాం. ఆ అలవాటే చేతిలో కంట్రోలర్ పట్టుకున్నా పోవట్లేదు.

అసలు ఈ ఆటలో తప్పు చేస్తే పోయేదేముంది? రాయా లుకారియా అకాడమీలో రెన్నాలాని ఓడించాక ఒక లార్వల్ టియర్ ఇస్తే మన పాయింట్లన్నీ తిరిగి సర్దుకోవచ్చు. మన సెమిస్టర్లకి లేని సౌకర్యం అది. అంత వెసులుబాటు ఉన్నా, తప్పు చెయ్యడానికి భయపడి వేరేవాడి సమాధానం కాపీ కొట్టి, దాంతోనే ఫెయిలై, "మన వల్ల కాదులే" అని వెళ్ళిపోతున్నారు. బాధ ఆట అమ్మేసినందుకు కాదు. తనకే చేతకాదని ఆ కుర్రాడు నిజంగా నమ్మేశాడు, అదీ బాధ.

ఇంతసేపు వీడియోలవాళ్ళని తిట్టాను కదా, ఒక నిజం దాచాను. వాడు "కొనేశా" అని ఫోన్ చేసిన రాత్రి "ఏ క్లాసు తీసుకోమంటావన్నా?" అని అడిగాడు. నాకు మర్నాడు రిలీజ్ ఉంది, నిద్రొస్తోంది. "ఇది చూడు" అని ఒక లింకు పంపేసి పడుకున్నా. మూన్‌వీల్ వీడియో అది. నేను పంపిందే.

అందుకే పండగ నుంచి రాగానే నా డిస్కు వాడికి కొరియర్ చేశాను. లోపల కాగితం మీద నాలుగు లైన్లు రాసి పెట్టా: నచ్చిన క్లాసు తీసుకో. వైగర్ 25 అయ్యేదాకా సగం పాయింట్లు దాన్లోనే వెయ్యి. దొరికిన రాళ్ళన్నీ నీకిష్టమైన ఒక్క కత్తికే పెట్టు. మిగతాది నన్నడక్కు.

మీ దగ్గరికీ ఏ తమ్ముడో టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడో "ఏ బిల్డు మంచిదన్నా?" అని వస్తే దయచేసి లింకు పంపకండి. "నీకు కత్తి ఇష్టమా, మంత్రం ఇష్టమా?" అని అడగండి చాలు. కాదు, మూన్‌వీలే దైవం అనేవాళ్ళు తిట్టాలనుకుంటే నిరభ్యంతరంగా తిట్టండి, నా వైగర్ 60 :)