అరువు తెర, సొంత పాఠము

పాఠశాల విద్యను ఆధునికము చేయవలెనను కోరిక నేడు పల్లె, పట్నము అను భేదము లేక వినవచ్చుచున్నది. అది మంచి కోరికయే. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్న నాటినుండి ఆ ప్రాంతపు రైతు కుటుంబములకు ప్రపంచముతో పోటీ యనునది దూరదేశపు మాటగా తోచుట లేదు. అచ్చటినుండి ఏలూరు మీదుగా కొల్లేటి లంకలకు పోయినచో, చేపల వేటతో బ్రదుకుచున్న తల్లిదండ్రుల మనసులలోను ఆ యాశయే కానవచ్చును. తమ బిడ్డ వల విడిచి కలము పట్టవలెనని, ఆ కలము అతనిని అట్టి విద్యాలయపు వాకిలివరకు నడిపింపవలెనని వారి యాశ. ఆ దారిలో డిజిటల్ తెర ఎంతదూరము తోడు రాగలదో విచారింపవలసియున్నది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ దారిలో పెద్ద యడుగే వేసినది. 2022 జూన్ నెలలో బైజూస్ అను సంస్థతో ఒడంబడిక చేసికొన్నది. ఆ సంవత్సరము డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, ఉపాధ్యాయులకును కలిపి 5 లక్షల 18 వేలకు పైగా ట్యాబుల పంపిణీ మొదలైనది. మరుసటి డిసెంబరులో మరి 4 లక్షల 34 వేలకు పైగా పంచుటకు పూనుకొన్నది. ఆ ట్యాబులలో పై సంస్థవారి పాఠములు నింపి యిచ్చిరి. 2019లో ప్రారంభమైన ‘మన బడి నాడు–నేడు’ పథకముతో బడుల రూపురేఖలు మారినవి. ఉన్నత పాఠశాలల గదులలోనికి పెద్ద తెరలును వచ్చినవి. కలవారి బిడ్డకు ఇంటిలోనే దొరకు సాధనమును లేనివారి బిడ్డకు బడిలోనైనను అందింపవలెనను ఉద్దేశము ఇందున్నది. దానిని తక్కువ చేసి చూడరాదు.

కాని యా తరువాతి కథయు గమనింపదగినది. 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ గలదిగా లెక్కకెక్కిన ఆ సంస్థ, 2024 జూలైలో బెంగళూరులోని జాతీయ కంపెనీ న్యాయ ట్రిబ్యునలు ఎదుట దివాలా ప్రక్రియకు లోనైనది. తొలి విడతలో ట్యాబు అందుకొన్న బిడ్డలు పదవ తరగతి పరీక్ష వ్రాయకమునుపే ఇది జరిగినది. వ్యాపార సంస్థ లాభనష్టములకు లోబడి యుండుట లోకసహజము. బడికి మాత్రము అట్టి అస్థిరత తగదు. తరతరములు నిలువవలసిన పాఠశాల తన పాఠమును అరువు తెచ్చుకొన్నప్పుడు, ఇచ్చినవాని భాగ్యముతో తన భాగ్యమును ముడివేసికొన్నట్లే యగును.

ఇట్టి యనుభవము మనకు క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరము పాటు మన దేశమున ‘సైట్’ అను ప్రయోగము జరిగినది. అమెరికావారి ఏటీఎస్–6 ఉపగ్రహమును గడువుకు తెచ్చుకొని, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రములలోని 2,400 పల్లెలకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములుండెడివి. తెలుగు పల్లెలకు అవి తెలుగుననే వచ్చెడివి. 1976 జూలై 31న గడువు తీరినది, ఉపగ్రహము తరలిపోయినది. అయితే ఆ యేడాదిలో దాదాపు 50 వేలమంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ యిచ్చిరి. వారు నేర్చినదానిని ఏ ఉపగ్రహమును వెంటగొని పోజాలదు గదా! తెరపై చేయు వ్యయములో నిలుచునది ఏదో, పోవునది ఏదో ఈ యొక్క దృష్టాంతము చాలును చెప్పుటకు.

అట్లని యంత్రము వలన ప్రయోజనమే లేదనుట సత్యము కాదు. ఆర్థికశాస్త్రవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు ఢిల్లీలో 2015లో జరిపిన పరిశోధన యొకటి 2019లో వెలువడినది. వారు పరీక్షించిన ఆరవ తరగతి పిల్లలు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడి యుండిరి. తొమ్మిదవ తరగతి నాటికి ఆ వెనుకబాటు నాలుగున్నర తరగతులంత యుండెను. అచ్చట వాడిన ‘మైండ్‌స్పార్క్’ అను కంప్యూటరు కార్యక్రమము, బిడ్డ కూర్చున్న తరగతిని చూడక, ఆ బిడ్డకు నిజముగా వచ్చినదెంతయో పరీక్షించి అక్కడినుండి పాఠము మొదలుపెట్టెను. రోజునకు తొంబది నిమిషములు. అందు సగము యంత్రము ముందర, సగము చిన్న గుంపుగా ఒక సహాయకుని యెదుట. నాలుగున్నర నెలలలోనే గణితమునందును, హిందీయందును చెప్పుకోదగిన యభివృద్ధి కనబడెను. ఇందు గమనింపవలసినవి మూడు: పాఠము బిడ్డ యున్నచోటికి దిగివచ్చినది, బిడ్డకు తెలిసిన భాషలో వచ్చినది, ప్రక్కన ఒక మనిషి యుండెను.

ఈ మూడును లేనిచోట ఏమగునో పెరూ దేశము చూపినది. అచ్చట పది లక్షలకు మించి చిన్న కంప్యూటర్లను బడులకు పంచిరి. బోధనతో వానిని జతపరుపలేదు. చదువు మెరుగుపడలేదని 2023 నాటి యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక పేర్కొన్నది. అదే సంవత్సరము స్వీడన్ దేశము చిన్న తరగతులలో అచ్చు పుస్తకమునకు తిరిగి ప్రాధాన్యమిచ్చుటకు పూనుకొన్నది. సంపన్న దేశము వెనుకకు చూచి దిద్దుకొనుచుండగా, మనము మాత్రము పోటీ పేరిట ముందుచూపు లేక పరుగెత్తుట వివేకము కాదు.

పోటీ యన్నప్పుడు మన స్థితిని మనము దాచుకొనరాదు. పదునైదేండ్ల విద్యార్థుల సామర్థ్యమును దేశదేశముల నడుమ పోల్చు ‘పీసా’ పరీక్షలో, 2009 విడతకు మన దేశమునుండి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాష్ట్రములు పాల్గొని పట్టికలో చిట్టచివరి స్థానములకు చేరువలో నిలిచినవి. ఆ లోపము తెరలు లేనందున వచ్చినది కాదు. 2024 నాటి ‘అసర్’ సర్వే ప్రకారము దేశమందలి గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో ఐదవ తరగతి చదువుచున్నవారిలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు నూటికి నలువదియైదుగురు కూడ లేరు. ఆ సర్వేయే పదునాలుగు మొదలు పదునారేండ్లవారిలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట వచ్చునని తెలిపినది. అట్టివారిలో అంతకుముందు వారమున చదువు కొరకు వాడినవారు 57 మంది. సామాజిక మాధ్యమముల కొరకు వాడినవారు 76 మంది. తెరను తాకుట మన పిల్లలకు ఎవరును నేర్పనక్కర లేదు. తెరపై నున్న వాక్యమును చదివి, అర్థము చేసికొని, సందేహించుట నేర్పవలసియున్నది. అది ఎనిమిదవ తరగతిలో ట్యాబుతో మొదలగు పని కాదు. రెండవ తరగతిలో పలకతో మొదలగును.

భాష ప్రశ్న ఇచ్చటనే వచ్చును. ఆంగ్ల మాధ్యమమును నిర్బంధము చేయుచు 2019లో వెలువడిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసినది. ఆ వివాదము నడుచుచుండగనే, ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లము గల ద్విభాషా పాఠ్యపుస్తకములు మన బడులకు వచ్చినవి. ఆంగ్లము కావలెను, ఉన్నత విద్యకు అది యవసరము. కాని తెలుగున గ్రహించిన భావమునకు ఆంగ్లమున మాట వెదకుకొనుట సులభము. అసలు భావమే పట్టువడనప్పుడు ఏ భాషయు ఆదుకొనదు. ఎదురెదురు పుటల యా పద్ధతియే తెరమీది పాఠమునకును ఒరవడి కాదగినది.

అట్టి పాఠమునకు కొల్లేరే చక్కని విషయము. ఈ సరస్సు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లు తెగగొట్టిరి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి వరద క్రిందికి దిగి లంక గ్రామముల దారులను ముంచివేసినది. ఇస్రోవారి ‘భువన్’ 2009 నుండి అందుబాటులో నున్నది. వేర్వేరు సంవత్సరముల ఉపగ్రహ చిత్రములను తరగతిగది తెరపై ప్రక్కప్రక్కన నిలిపి, “నీరు ఎందు కిచ్చట నిలిచినది? ఉప్పుటేరు దానిని సముద్రమునకు ఏల వేగముగా చేర్చలేకపోయినది?” అని ఉపాధ్యాయుడు అడిగినచో, భూగోళము, గణితము, జీవశాస్త్రము ఒక్క పాఠమున కలిసివచ్చును. తండ్రి నోట విన్న నీటి పోకడలు ఆ బిడ్డకు అప్పుడు శాస్త్రముగా కనబడును. ఏ దూరపు సంస్థయు ఈ పాఠమును వ్రాసి పంపజాలదు. లంకలోని బడిపంతులు వ్రాయగలడు. వరదలో విద్యుత్తు నిలిచి తెర నల్లబడిననాడును ఆ పాఠమును నోటితో కొనసాగింపగలవాడును ఆయనయే.

కావున ప్రభుత్వములు మారినను మారని నియమములు కొన్ని యవసరము. ప్రజల సొమ్ముతో పిల్లల చేతికి చేరు పాఠము ప్రజల సొత్తుగా ఉండవలెను. ఏ సంస్థ మూతపడినను అది తెరచుకొనవలెను. యంత్రము కొన్న ప్రతి విడతకును ఉపాధ్యాయుని శిక్షణకు, యంత్రపు మరమ్మతునకు తగిన సొమ్ము ముందుగనే వేరుపరుపవలెను. బిడ్డ తరగతిని గాక బిడ్డ స్థాయిని కొలిచి పాఠము చెప్పు ఏర్పాటు ఉండవలెను. ఉపాధ్యాయులపై ఇప్పటికే బరువు మిక్కుటమను మాట నిజమే. అందుచేతనే ఫొటోలు తీసి పంపుట, లెక్కలు నింపుట వంటి పనులనుండి వారిని విడిపించి, ఆ కాలమును పాఠరచనకు మరలింపవలెను.

ఎన్ని లక్షల ట్యాబులు పంచితిమన్నది లెక్కపుస్తకమునకు చాలును. కొల్లేటి లంకలోని ఐదవ తరగతి బాలిక ఒక పుటను తడబడక చదివి, దానిపై తన ప్రశ్న తాను వేయగలిగిననాడు, తాడేపల్లిగూడెపు విద్యాలయమునకు ఆమె దారి మొదలైనట్లు. ఆ ప్రశ్నను విని బదులు చెప్పుటకు తీరిక గల ఉపాధ్యాయుని ఆమెకు ఇచ్చుట మన పని.