కాపు తీసిన రంపం

“ఏమరపాటున వేలు తెగింది” అన్న ఒక్క మాటతో వడ్రంగి షెడ్డులో జరిగే ప్రతి ప్రమాదాన్నీ పూడ్చివేయడం మనకు అలవాటైనది. ఈ మాటను నేను అంగీకరించను. పులివెందులవంటి ఊళ్లలో నలుగురు వడ్రంగులు ఒకే కోతమిషనును పంచుకొని ద్వారబంధాలు, తలుపులు కోసుకొనేచోట చక్రంపై ఉండవలసిన కాపు ఏ మూలనో పడి ఉంటే, దానిని తిరిగి బిగించే బాధ్యత ఎవరిది? అందరిదీ అంటే ఎవరిదీ కాదనియే అర్థం. మిషను సొంతదారుడిదే అని నా అభిప్రాయం. అద్దె తీసుకొనే చేయి కాపునూ బిగించవలెను.

కాపు ఉంటే పని సాగదంటారు. గాడి తీసేటప్పుడు దానిని తొలగించక తప్పదు, నిజమే. ఆ పని ముగిసిన తరువాత కూడ అది గోడకే వేలాడటం దేనికి? కోసిన చెక్క ముడుచుకొని చక్రపు వెనుకభాగాన్ని పట్టుకొన్నదా, పైకి లేచే ఆ పండ్లు చెక్కను పనివాని మీదికే విసురుతాయి. చెక్కను నెట్టుచున్న చేయి ఆ క్షణంలో రంపం మీద పడుతుంది. ఎంతటి అనుభవజ్ఞుడైనా ఆ వేగానికి చేయి వెనుకకు తీసుకొనలేడు. అందుకే చక్రం వెనుక చీలికపలక, నెట్టడానికి ఒక కర్రముక్క ఉండాలి. ఆ కర్రముక్కకు ఖర్చే లేదు! చేతితొడుగులు రక్షణ అనుకొనేవారున్నారు. తిరిగే రంపం దగ్గర అవి చిక్కుకొని చేతినే లోపలికి లాగుతాయి. భుజంమీది తువ్వాలు కూడ అంతే.

యంత్రాలకు కంచె వేయమని 1948 నాటి కర్మాగారాల చట్టం 21వ సెక్షనులో చెప్పింది. అయితే విద్యుత్తు వాడేచోట సాధారణంగా 10 మంది పనివారుంటేనే ఆ చట్టం వర్తించేటట్లు వ్రాసినారు. 1923 నాటి పరిహారచట్టం బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 30 శాతం నష్టమని లెక్కగట్టినది. మిషను అద్దెకు వాడుకొనే వడ్రంగి ఎవరికీ కూలివాడు కాడు గనుక ఆ లెక్క కూడ అతనికి దక్కదు. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం వడ్రంగులకు పనిముట్ల నిమిత్తం 15,000 రూపాయల వరకు ఇస్తున్నది. మంచిదే. ఆ శిక్షణలో కాపు బిగించడం చేయించి చూపనిదే పత్రం ఇవ్వరాదని అడుగుదాం.

ధూళిని గూర్చి ఒక్క మాట: చెక్కపొడి ముక్కు క్యాన్సరును కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చినది.

ఇంత చెప్పినా వేలు తెగితే, గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. తెగిన ముక్కను తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుగడ్డలపై ఉంచి, రోగితోపాటే పంపండి. ముక్కను నేరుగా మంచులో వేయరాదు.