హాస్యమునకు హద్దు ఏది?

నవరసములలో హాస్యమునకు మాత్రమే ఒక చిక్కు ఉన్నది. కరుణరసమును చూచి నొచ్చుకొనేవారు అరుదు. హాస్యము విషయములో అట్లు కాదు. నవ్వేవాడు ఒకడుంటే నొచ్చుకొనేవాడు ఇంకొకడుంటాడు. ముఖ్యముగా మతము ప్రసక్తికి వచ్చినప్పుడు ఈ చిక్కు పెద్దదవుతుంది. అందుచేత మత విషయములలో హాస్యమే కూడదని కొందరు, హాస్యమునకు ఎట్టి హద్దూ ఉండరాదని మరికొందరు వాదిస్తారు. ఈ రెండు వాదములూ అసంపూర్ణములని మా అభిప్రాయము. ఇందుకు ఉదాహరణగా ఐర్లండు దేశపు హాస్యనటుడు, టెలివిజన్ గోష్ఠుల నిర్వాహకుడు అయిన డేవ్ అలెన్ జీవితమును విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుతున్నాము.

ఆయన 1936 జూలై 6న డబ్లిన్ నగర ప్రాంతమున జన్మించారు. అసలు పేరు డేవిడ్ టైనన్ ఓమహోనీ. తండ్రి ‘ఐరిష్ టైమ్స్’ పత్రికలో ఉన్నతోద్యోగి; కుమారునికి పన్నెండేండ్ల వయసున మరణించారు. బాలుని చదువు కాథలిక్ మతసంస్థల పాఠశాలలలో సాగినది. పిమ్మట ఒక పత్రికా కార్యాలయమున చిన్న ఉద్యోగము చేసి, బ్రతుకుతెరువుకై ఇంగ్లండు చేరి, బట్లిన్స్ వారి విహార శిబిరములో ఎర్రకోటు తొడిగి అతిథులను వినోదపరచే పనిలో కుదిరారు. ఓమహోనీ అనే పేరు ఆంగ్లేయులకు నోరు తిరగనందున రంగస్థలము కొరకు అలెన్‌గా మారారు. తమ పేరును ఇతరులు సరిగా పలుకలేని అనుభవము మనలో చాలమందికి తెలియనిది కాదు. స్వదేశమున అధికసంఖ్యాకుల మతమునకు చెందినవాడు పరదేశమున అల్పసంఖ్యాకుడైనాడు. ఆయన హాస్యము అర్థము కావలెనన్నచో ఈ రెండు స్థితులనూ గుర్తుంచుకొనవలెను.

ఆయనకు తొలి ఘనవిజయము లభించినది ఆస్ట్రేలియాలో. 1963లో అక్కడి ఛానల్ నైన్‌లో ‘టునైట్ విత్ డేవ్ అలెన్’ అనే గోష్ఠి కార్యక్రమమును ఆరంభించారు. ఒకనాడు పీటర్ కుక్, డడ్లీ మూర్ అనే హాస్యనటులతో సంభాషణ రసవత్తరముగా సాగుచుండగా, ప్రకటనలకు సమయమైనదని నిర్మాత తొందరపెట్టాడు. అలెన్ ఆతనిని ప్రత్యక్ష ప్రసారములోనే ఒక మోటు మాటతో పొమ్మన్నారు. దానితో ఆయనను కొంతకాలము టెలివిజన్ నుండి నిషేధించారు. మాట మోటుదే, సందేహము లేదు. కాని ఎదుటివాని మాట పూర్తిగా వినవలెనన్న పట్టుదల దాని వెనుక ఉన్నదని మరువరాదు.

1964లో ఇంగ్లండుకు తిరిగివచ్చిన తరువాత ఆయన కీర్తి పెరిగినది. 1971 నుండి 1979 వరకు బి.బి.సి.లో వచ్చిన ‘డేవ్ అలెన్ ఎట్ లార్జ్’ ఆయనను ఇంటింటి మనిషిని చేసినది. ఎత్తయిన పీటపై కూర్చుండి, చేత సిగరెట్టు, ప్రక్కన గ్లాసుతో, పొరుగింటివాడు పిచ్చాపాటీ చెప్పినట్లు కథలు చెప్పేవారు. గ్లాసులోనిది విస్కీ అని జనము అనుకొనేవారు. నిజానికి అది అల్లపు పానీయము. ఎడమచేతి చూపుడువేలి కొన తెగియుండుటకు కారణముగా ఒక్కొక్కసారి ఒక్కొక్క కథ కల్పించేవారు. తన అవిటితనమును తానే నవ్వులాటగా చేసికొన్నవానిని ఇంకెవరు ఎగతాళి చేయగలరు?

ఇక మతము మాట. పసితనమున తొలినాడు బడిలో అడుగుపెట్టిన బాలునికి నల్లని వస్త్రములు ధరించిన సన్యాసినులు, గోడపై మేకులు దిగిన మనిషి రూపము కనబడగా గుండెలలో పుట్టిన భయమును ఆయన కథగా చెప్పేవారు. ఆ నవ్వు వెనుక ఒక పసివాని వణుకు ఉన్నది. 1975లో పోపు వేషము ధరించి, కార్డినళ్ల పాత్రధారులతో కలిసి వస్త్రములు విడుచు నర్తకుల వలె ఆడిన ఘట్టము పెద్ద దుమారము రేపినది. 1977లో ఐర్లండు ప్రసారసంస్థ ఆయన కార్యక్రమములకు తలుపులు మూసినది. స్వజనులే వెలివేసినట్లయినది.

ఆ ఘట్టము విశ్వాసులను నొప్పించలేదని మేము అనము. నొప్పించినది. ఆయన ప్రతి పరిహాసమూ మెచ్చదగినదనీ అనము. అయినను ఆయన ఉత్తమ హాస్యమును పరిశీలించినచో రెండు విషయములు తేటతెల్లమవుతాయి. మొదటిది, ఆయన ప్రధానముగా విమర్శించినది తాను పుట్టి పెరిగిన మతసంస్థను. తన ఇంటి దూలములనే తట్టి చూచాడు. రెండవది, ఆయన గురి భక్తునిపై కాదు, భక్తుని పేర అధికారము చెలాయించువానిపై. 1974లో ఇంగ్లండులోని విచిత్ర వ్యక్తులను గురించి తీసిన డాక్యుమెంటరీలో, లోకము వెర్రివారని త్రోసివేసిన మనుషుల ఎదుట కూర్చుండి ఓపికగా విన్నారు.

1990లో ఆయన చెప్పిన గడియారపు కథ కూడా ఇట్టిదే. మనిషి గడియారము మ్రోగగానే లేస్తాడు, గడియారము ప్రకారము పనికి పోతాడు, తింటాడు, ఇంటికి వస్తాడు, పడుకుంటాడు. నలభై ఏండ్లు అట్లు గడిపి పదవీవిరమణ చేసిననాడు యాజమాన్యము వాని చేతిలో పెట్టే కానుక ఏమిటి? గడియారమే! ఈ కథలో వాడిన ఒక బూతుమాట వలన పార్లమెంటులో సైతము ప్రస్తావన వచ్చినది. మాటను పట్టుకొన్నవారు మనిషి ఆయువును గురించి ఆయన అడిగిన ప్రశ్నను వదలివేశారు. అధిక్షేపము ఎదురైనపుడు పెద్దలు తరచుగా చేసే పొరపాటు ఇదే.

2005 మార్చి 10న అలెన్ లండనులో మరణించారు. తాను నాస్తికుడనని చెప్పుకొన్న ఆ మనిషి ప్రతి ప్రదర్శనను ఒకే వీడ్కోలుతో ముగించేవారు: “శుభరాత్రి, కృతజ్ఞతలు, మీ దేవుడు మీ వెంట ఉండుగాక.” ఇందులో ‘మీ’ అనే ఒక్క అక్షరమే ముఖ్యము. నా దేవుడు కాదు, ఆయన నమ్మినవాడూ కాదు. నీవు ఎవరిని నమ్మితే వారు నీకు తోడు. మన ప్రాంగణమున ప్రతి సాయంకాలము ‘ఖుదా హాఫిజ్’ అని విడిపోయే మిత్రులకు ఈ మాటలోని ఆత్మీయతను వేరుగా వివరించనక్కరలేదు.

మన వార్షికోత్సవ వేదికపై ఏకపాత్రాభినయములు, హాస్యనాటికలు ప్రతియేటా ఉంటాయి. ఉర్దూ మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థి తెలుగును, తెలుగు మాధ్యమము నుండి వచ్చిన విద్యార్థి ఉర్దూను వెక్కిరించితే సభ పగలబడి నవ్వవచ్చును. కాని ఆ నవ్వులో ధైర్యమేదీ లేదు. అది బలహీనుని మీద దెబ్బ. అదే విద్యార్థి తన ఇంటి ఆడంబరమును, తన పెద్దల కపటమును, చివరకు మా వంటి ఉపదేశకులను పరిహసించితే అది కష్టమైన పని, అవసరమైన పని. కావున కమిటీ పెద్దలు వ్రాతప్రతిలో మతశబ్దములను వెదకి కొట్టివేయుట చాలించి, ఈ హాస్యము ఎవరి మీద, ఎంత బలముగలవాని మీద అని మాత్రము ప్రశ్నించవలెనని కోరుతున్నాము. విద్యార్థులు కూడ కలము పట్టకముందు అదే ప్రశ్నను తమకు తాము వేసికొనవలెను. తన మీద తాను నవ్వుకొనగలవానికే ఇతరుల మీద నవ్వే అర్హత కలుగుతుంది. హాస్యమునకు మేము అంగీకరించే హద్దు ఇది ఒక్కటే.