కాయ విలువ తేలేది కల్లంలోనే

వేరుశనగ చెట్టు పీకిన రోజు కాయలో మూడో వంతుకు పైగా నీరే ఉంటుంది. 35 నుంచి 50 శాతం దాకా ఉండే ఆ తేమను 8, 9 శాతానికి దించేదాకా పంట చేతికొచ్చినట్టు కాదు. కాయకు బూజు పడుతుందా, పప్పు చీలుతుందా, దాచిన విత్తనం మొలుస్తుందా అన్నది ఈ కొద్ది రోజుల్లోనే తేలిపోతుంది. ఎరువు మీద, మందు మీద పెట్టే శ్రద్ధలో సగం కూడా మనం ఆరబోత మీద పెట్టడం లేదు. ప్రభుత్వాలైతే అసలే పెట్టడం లేదు.

రాయలసీమలో ఖరీఫ్ కాయ పీకే రోజులూ అక్టోబరు వానలూ ఒకేసారి వస్తాయి. మబ్బు కనిపించగానే పచ్చి చెట్లనే వామి వేసి కప్పేస్తాం. వామి లోపల ఆవిరి పట్టి వేడెక్కుతుంది. ఆ వేడికి, తేమకు ఆస్పర్జిల్లస్ బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. కంటికి కనిపించని ఈ విషం వేయించినా, ఉడికించినా పూర్తిగా పోదు. నూనె తీశాక ఎక్కువ భాగం చెక్కలో మిగిలి, ఆ చెక్క తిన్న పశువు పాలలోకి వస్తుంది. నేరుగా తినే వేరుశనగలో అఫ్లాటాక్సిన్ వంద కోట్ల పాళ్లలో 4 పాళ్లు దాటితే యూరప్ దేశాలు సరుకును అనుమతించవు. ఎగుమతి ఆగినప్పుడు ఆ దెబ్బ చివరికి మన ధర మీదే పడుతుంది.

రబీ కాయకు ప్రమాదం ఇంకోవైపు నుంచి వస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో సిమెంటు గచ్చు మీదో, తారు రోడ్డు మీదో పోస్తే కాయ రెండు మూడు రోజుల్లో గలగలమంటుంది. అమ్మకానికి బాగానే ఉందనిపిస్తుంది. కానీ 40 డిగ్రీలు దాటిన వేడికి గింజలోని మొలక దెబ్బతింటుంది, పొర చిట్లుతుంది, ఒలిచేటప్పుడు పప్పు బద్దలవుతుంది. చాలా చోట్ల జూన్, జూలైలో మనం విత్తేది ఈ రబీ కాయే. ఎకరాకు 60 నుంచి 80 కిలోల పప్పు వేసి, తీరా సగం మొలవకపోతే నష్టం విత్తనం ఖర్చుతో ఆగదు. అదునూ పోతుంది.

అందుకే అమ్మే కాయనూ విత్తనపు కాయనూ మొదటి రోజే వేరు చేయాలి. ఖరీఫ్‌లో పచ్చి వామి వేయకుండా, చెట్లను చిన్న కట్టలుగా కాయ పైకి ఉండేలా తిప్పి గాలికి ఆరనివ్వాలి. కాయ తెంపాక పట్టల మీద పలచగా పోసి, రోజుకు రెండు మూడు సార్లు కలియదిప్పి, సాయంత్రం మంచు తగలకుండా కప్పాలి. రబీ విత్తనానికైతే కట్టలను కొట్టం కిందో, పందిరి కిందో, కొయ్యలు పాతి వాటి చుట్టూనో కట్టి నెమ్మదిగా ఆరబెట్టాలి. కాయ ఊపితే గింజ ఆడాలి, పప్పును వేళ్లతో నలిపితే ఎర్ర పొర ఊడిరావాలి. అప్పుడు ఆరినట్టు లెక్క. విత్తే ముందు వంద గింజలను తడిగుడ్డలో చుట్టి పది రోజులు చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి కనీస మొలక 70 శాతం. అంతకంటే తగ్గితే ఆ విత్తనాన్ని నమ్ముకోవద్దు.

మార్కెట్లో తేమ పేరుతో జరిగే కోత సంగతి కూడా చెప్పుకోవాలి. మద్దతు ధర కొనుగోళ్లలో కాయకు తేమ పరిమితి 8 శాతం. 14 శాతం తేమ ఉన్న క్వింటాలు కాయ 8 శాతానికి ఆరితే తగ్గే బరువు ఆరున్నర కిలోలు. చేత్తో నలిపి చూసి "ఇంకా పచ్చిగా ఉంది" అంటూ పది కిలోలు కోస్తే, పైన పోయిన మూడున్నర కిలోలు రైతు జేబులోంచి తీసుకున్నవే. తేమ ఎంతో చెప్పాల్సింది యంత్రం. అది చూపించే అంకె రైతు కంటికి కనిపించాలి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం తేలికే. రెండెకరాల కౌలు రైతుకు కల్లం ఎక్కడుంది? పట్టలు కొనే డబ్బెక్కడుంది? ముసురు పట్టిన నాడు అప్పులవాడు గుమ్మంలో నిలబడితే, ఆరినా ఆరకపోయినా కాయను అమ్ముకోక తప్పదు. తెలంగాణలో ఉపాధి హామీ నిధులతో పంట ఆరబోసే కల్లాలు కట్టారు. 2022లో కేంద్రం అది అనుమతి లేని పని అంటూ సుమారు 151 కోట్ల రూపాయలు తిరిగి కట్టమంది. పండించిన పంటను నేల పాలు కాకుండా కాపాడే పని ఉపాధి పని కాకపోతే మరేది అవుతుంది?

కాబట్టి సంఘం అడిగేవి నాలుగు. ఉపాధి హామీ పనుల్లో ఆరబోత కల్లాలను స్పష్టంగా చేర్చాలి. కోతకు ముందే, కౌలు రైతులతో సహా అందరికీ రాయితీ మీద పట్టలు ఇవ్వాలి. ప్రతి రైతు సేవా కేంద్రంలో, ప్రతి మార్కెట్ యార్డులో పనిచేసే తేమ యంత్రం ఉండాలి. అంకె చూపించకుండా కోత పెట్టే వ్యాపారిపై చర్య తీసుకోవాలి. ఈ సీజను కాయ పీకేలోపు ప్రతి గ్రామ శాఖ సమావేశమై తమ ఊళ్లో కల్లాలెన్ని, పట్టలెన్ని, తేమ యంత్రం ఉందా లేదా అన్న లెక్క రాసి మండల కమిటీకి పంపాలి. ఆ లెక్కతోనే అధికారుల ముందు నిలబడదాం.